బ్లాగుకు అలంకారము, పుటలు

మాకు హైస్కూలులో తెలుగు చెప్పిన అయ్యవారు ఒకనాటి మధ్యాహ్నం చిత్తూరు నుండి బస్సులో తిరుపతికి వచ్చి, మా ఆఫీసు గదిలో కూర్చుండి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మంచినీళ్ళు త్రాగిన తరువాత, "అంతా పాయ నాయనా!" అన్నారు. ఇది 2021వ సంవత్సరాంతపు మాట. పోయినది ఇల్లూ కాదు, పొలమూ కాదు. ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట, 2009 నుండి వారు ఇంటర్నెట్టులో నడుపుతూ వచ్చిన బ్లాగు.

ఆ బ్లాగులో వారు కథలూ కవితలూ వ్రాసేవారు కారు. తమ ప్రాంతంలోని సేద్యపు పలుకులను, వంటింటి పలుకులను, సామెతలను ఏరి పెట్టేవారు. మడక, గెనిమ, కయ్య, కపిల, సంగటి, పితికిపప్పు - ఇటువంటి మాటలు. కపిల తోలిన తరం వెళ్ళిపోయిన తరువాత కపిల అన్న మాట ఎవరి నోట ఉంటుంది? నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథలలో తమ ఊరి పలుకుబడి అచ్చులో కనిపించిన నాటి నుండి తమకు ఈ ఆలోచన కలిగినదని వారు చెప్పేవారు. వారానికి ఒక మాటను గూర్చి ఒక చిన్న వ్యాసం వ్రాసేవారు. వ్యాసానికి చాలని మాటలను, అర్థంతో సహా, బ్లాగు ప్రక్కనుండే సన్నని పట్టీలో ఒకదాని క్రింద ఒకటిగా చేర్చుతూ పోయారు. వచ్చిన ప్రతివాని కంటా అవి పడాలన్నది వారి కోరిక. అలా కొన్ని వందల మాటలు చేరాయి.

ఇక ఇందులో మా పాత్ర ఏమనగా - ఆ సంవత్సరం దసరా పండుగకు ఫోను చేసినప్పుడు, "అయ్యవారూ, మీ బ్లాగు రూపం పాతబడిపోయినది. సెల్‌ఫోనులో చదవడం కష్టంగా ఉన్నది. థీమ్ మార్చండి" అని సలహా చెప్పినది మేమే. వారు మా మాట మన్నించి, ఎక్కడి నుండియో ఒక క్రొత్త థీమ్ సంపాదించి, దానిని తమ బ్లాగులోనికి ఎక్కించారు. అప్పుడు తెరమీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. పాత రూపంలో ఉన్న కొన్ని భాగాలకు క్రొత్త రూపంలో చోటు లేదు, వాటిని తొలగించమంటారా అని దాని సారాంశం. వారు సరే అన్నచోట నొక్కారు. బ్లాగు నూతన వస్త్రాలు ధరించి ప్రత్యక్షమైంది. ప్రక్కపట్టీ మాత్రం లేదు. అందులోని మాటలూ లేవు.

మార్చండి అని చెప్పిన మేము, ఎలా మార్చవలెనో చెప్పలేదు. ఆ లోపం మాది. ఇటీవల మా శ్రోతలలోను బ్లాగులు నడిపేవారు, నడపాలని ముచ్చటపడేవారు కనిపిస్తున్నారు. వారికైనా ఆ నాలుగు మాటలు ముందుగా చెప్పడం మా విధి అని తోచి ఈ ప్రసంగం.

బ్లాగును తెరచినప్పుడు మనకు ఒకే బొమ్మగా కనిపించేది నిజానికి రెండు వస్తువుల కలయిక. ఒకటి వ్రాత: మనం కూర్చున శీర్షికలు, వాక్యాలు, చేర్చిన ఛాయాచిత్రాలు. రెండవది ఆ వ్రాతకు తొడిగిన వేషం: ఏ రంగు, ఏ అక్షరం, శీర్షిక ఎక్కడ, పట్టీ ఎక్కడ అన్న నిర్ణయాల మూట. ఈ రెండవదానినే థీమ్ అంటారు. తెలుగులో దీనికి అలంకారమన్న మాట చక్కగా అతుకుతుంది. వ్రాత ఒక పెట్టెలో ఉంటుంది, అలంకారం మరొక పెట్టెలో ఉంటుంది. చదువరి వచ్చి తలుపు తట్టిన ప్రతిసారీ యంత్రం ఈ రెంటినీ తెచ్చి, ఆ క్షణాన జత చేసి చూపుతుంది. అందువలననే ఒక్క మీట నొక్కినంతలో వెయ్యి వ్యాసాల రూపం ఒక్కసారిగా మారిపోగలదు.

ఈ విభజన మొదటి నుండి ఉన్నది కాదు. జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి, 1991 నాటికి లోకానికి అందించిన వెబ్బులో మొదట వ్రాతకే ప్రాధాన్యం. తరువాత అందం కావాలన్నవారు ఎక్కువై, ఈ మాట ఎర్రగా, ఆ మాట పెద్దదిగా అంటూ రూపానికి సంబంధించిన ఆజ్ఞలను వ్రాత నడుమనే గ్రుచ్చసాగారు. నూరు పుటలున్నవాడు శీర్షికల రంగు మార్చదలిస్తే నూరు చోట్ల దిద్దుకొనవలసి వచ్చేది. ఈ బాధ తీరడానికి హోకన్ వియమ్ లీ అనే నార్వే దేశస్థుడు 1994 అక్టోబరులో ఒక ఉపాయం సూచించాడు. రూపానికి సంబంధించిన ఆజ్ఞలన్నిటినీ వేరొక కాగితం మీద వ్రాసిపెట్టి, వ్రాతను దాని జోలికి పోకుండా ఉంచవలెనన్నదే ఆ ఉపాయం. అదే సి.ఎస్.ఎస్. అన్న పేరుతో 1996 డిసెంబరులో ప్రమాణంగా వెలువడింది. 2003లో డేవ్ షే అనే కెనడా దేశపు శిల్పి ఒకే ఒక వ్రాతను ఇంటర్నెట్టులో ఉంచి, దానిలో ఒక్క అక్షరమైనా కదపకుండా, రూపాన్ని మాత్రం ఎవరికి తోచినట్లు వారు మార్చి చూపండని ఆహ్వానించాడు. దేశదేశాల నుండి అలంకారాలు వచ్చిపడ్డాయి. వ్రాత అదే, చూసేవారికి మాత్రం ఒకదానికొకటి పోలికే లేదు.

తిరుపతి వారికి ఈ సంగతి బోధపరచడానికి కెనడా దాకా పోనక్కరలేదు. తాళ్ళపాక అన్నమాచార్యుల కీర్తనలు తిరుమల ఆలయంలో రాగిరేకుల మీద చెక్కబడి, భాండాగారంలో భద్రపడి ఉండినవి. రేకుమీద కీర్తన ఉన్నది, రాగం పేరూ ఉన్నది. పాడవలసిన వరుస మాత్రం స్వరపరచి లేదు. కాలక్రమాన ఆనాటి వరుసలు మరుగున పడినవి. అయినా కీర్తనలు పోలేదు, ఎందుచేతనంటే అవి రేకుమీద ఉన్నవి. గత శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు ఆ రేకులను చదివి పరిష్కరించారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ పలు కీర్తనలకు క్రొత్తగా స్వరాలు కూర్చారు. ఆ తరువాత గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వందలాది కీర్తనలకు వరుసలు కట్టి పాడారు. వరుస మారవచ్చు, ఒకే కీర్తనకు రెండు వరుసలు ఉండవచ్చు, ఉన్న వరుస మరుగునా పడవచ్చు. రేకు నిలిచినంతకాలం మరొక గాయకుడు పుడతాడు.

బ్లాగు నడిపేవాడు గుర్తుంచుకొనవలసిన సూత్రం ఇదొక్కటే. నిలవవలసినదానిని రేకుమీద చెక్కవలెను, వరుసలో దాచరాదు. మా అయ్యవారు పన్నెండేళ్ళు వ్రాసిన వ్యాసాలు రేకుమీద ఉన్నవి. అందుకే థీమ్ మారినా వాటిలో ఒక్క వాక్యం చెదరలేదు. మాటల పట్టీని మాత్రం, తెలియక, అలంకారానికి చెందిన భాగంలో ఉంచారు. అలంకారంతో పాటు అది వెళ్ళిపోయింది.

ఇక థీమ్ ఎన్నిక విషయం. బజారులో దొరికే థీములలో అధికభాగం ఇంగ్లీషు అక్షరాలను కంటిముందు పెట్టుకొని తయారు చేసినవే. ఇంగ్లీషు అక్షరం ఒక గీతమీద వరుసగా నడుస్తుంది. తెలుగు అక్షరానికి తలపైన గుడి ఉన్నది, కాళ్ళక్రింద ఒత్తు ఉన్నది, ఒక్కొక్కప్పుడు ఒత్తుక్రింద ఒత్తు కూడా ఉన్నది. ఇంగ్లీషుకు కొలిచి కుట్టిన చొక్కాను తెలుగుకు తొడిగితే పై పంక్తి ఒత్తులు వచ్చి క్రింది పంక్తి గుడులకు తగులుతాయి. శీర్షికలలో ఒత్తులు సగానికి తెగిపోయి కనిపించడం మీరు చూచే ఉంటారు. కనుక థీమ్‌ను ఎన్నుకొనేటప్పుడు దానితో వచ్చిన నమూనా చిత్రాన్ని చూచి మురిసిపోరాదు. "శాస్త్రీయ దృక్పథం", "ఉష్ట్రపక్షి" వంటి ఒత్తులున్న మాటలతో నాలుగు తెలుగు పంక్తులు అందులో పెట్టి చూడవలెను. పంక్తుల నడుమ ఎడం అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా, సుమారు ఒకటి ముప్పాతిక రెట్ల వరకు ఉంటే తెలుగు హాయిగా ఊపిరి పీలుస్తుంది. దాదాపు ప్రతి థీమ్‌లోను ఈ ఎడాన్ని మార్చుకొనే వీలు ఉంటుంది. ఇంగ్లీషులో వలె అక్షరాలను ప్రక్కకు వాల్చడం తెలుగు అచ్చుకు అలవాటు లేని పని. వాలుటక్షరాలకు బదులు కొంచెం దళసరి అక్షరం వాడడం మేలు.

అక్షరాల అచ్చును ఇంగ్లీషులో ఫాంటు అంటారు, తెలుగువారు ఖతి అని కూడా అంటున్నారు. ఒకప్పుడు తెలుగు ఖతి కావాలంటే కొనుక్కొనవలసి వచ్చేది. ఒకరి ఖతిలో వ్రాసినది ఆ ఖతి లేనివారి యంత్రంలో పిచ్చి గీతలుగా కనిపించేది. 1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించినా, అది మన ఇళ్ళలోని యంత్రాలకు చేరడానికి పదేళ్ళకు పైగా పట్టింది. ఆ తరువాతనే తెలుగు బ్లాగులు పుంజుకొన్నాయి. ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయడానికి లేఖిని, ఎవరు క్రొత్తగా ఏమి వ్రాశారో ఒకచోట చూడడానికి కూడలి, ఆ రోజులలో తెలుగు బ్లాగరులకు రెండు చేతులవలె ఉపకరించాయి. ఇప్పుడు ఉచితంగా వాడుకొనదగిన ఖతులు ఎన్నో ఉన్నాయి. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడిన ఖతులకు పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ అని ప్రబంధ కవుల పేర్లు పెట్టారు. మన శ్రీకాళహస్తి పేరు చెప్పగానే తలపునకు వచ్చే ధూర్జటి పేర కూడా ఒక ఖతి ఉన్నది. కాని ఒక హెచ్చరిక. ధూర్జటి ఖతి శీర్షికలకు, గోడపత్రికలకు, ఆహ్వాన పత్రికలకు తగినది. పేరు మీది అభిమానంతో వ్యాసమంతా అందులో కూర్చితే చదువరికి మూడవ పంక్తి దగ్గరే కళ్ళు బరువెక్కుతాయి. శీర్షికకు ఒక ఖతి, వ్యాసానికి సాదా అయిన మరొక ఖతి, అంతకు మించి మూడవది అక్కరలేదు.

రంగుల విషయంలోను ఇదే మితం పాటించవలెను. నల్లని నేపథ్యం మీద ముదురు నీలపు అక్షరాలు, పసుపు మీద తెలుపు, ఇవన్నీ పెట్టినవారికి ముద్దుగాను, చదివేవారికి శిక్షగాను ఉంటాయి. వెబ్బు ప్రమాణాలను నిర్ణయించే సంస్థ సామాన్యమైన వ్రాతకు అక్షరానికి, నేపథ్యానికి నడుమ కాంతి తారతమ్యం కనీసం 4.5కు 1 ఉండవలెనని చెప్పింది. ఈ నిష్పత్తిని లెక్కగట్టి చెప్పే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. అవి లేకున్నా, మధ్యాహ్నపు ఎండలో వీధి అరుగు మీద కూర్చుండి ఫోనులో మీ బ్లాగును చదవండి. చదవగలిగితే రంగులు సరిపోయినట్లే. ఈ కాలంలో చదువరులలో అనేకులు ఫోనులోనే చదువుతారు. అందుచేత తెర వెడల్పును బట్టి తనంతట తాను సర్దుకొనే థీమ్‌నే ఎన్నుకొనవలెను.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటికి వస్తున్నాము. థీమ్‌లో మనం చేసుకొన్న మార్పులు ఎక్కడ నిలువ ఉంటాయి? దీనికి సమాధానం తెలియకనే చాలామంది నష్టపోతున్నారు. వర్డ్‌ప్రెస్ వాడేవారిని ఉదాహరణగా తీసుకొందాము. థీమ్ అనేది కొన్ని ఫైళ్ళ కట్ట. దానిని తయారుచేసినవారు అప్పుడప్పుడు లోపాలు దిద్ది క్రొత్త కట్టను పంపుతారు. మనం ఉత్సాహంతో మూల ఫైళ్ళలోనే మార్పులు చేసుకొని ఉంటే, క్రొత్త కట్ట వచ్చి పాతదానిపై పరచుకోగానే మన మార్పులన్నీ అడుగంటిపోతాయి. ఇందుకు రెండు ఉపాయాలున్నాయి. చిన్న మార్పులయితే థీమ్ జోలికి పోకుండా, అదనపు సి.ఎస్.ఎస్. అనే గడిలో వ్రాసుకోవచ్చు. ఈ సదుపాయం 2016 డిసెంబరు నుండి వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్నది. అయితే అక్కడ వ్రాసినది ఆ ఒక్క థీమ్‌కే చెల్లుతుంది. థీమ్ మార్చితే దానిని మరల క్రొత్తదానిలో పెట్టుకొనవలెను. పెద్ద మార్పులయితే పిల్ల థీమ్ చేసుకొనవలెను. తల్లి థీమ్ నుండి అన్నీ అందిపుచ్చుకొంటూనే, మనం మార్చదలచినవి మాత్రం తన దగ్గర ఉంచుకొనేది పిల్ల థీమ్. తల్లికి ఎన్ని మరమ్మతులు వచ్చినా పిల్ల దగ్గర ఉన్నవి చెక్కుచెదరవు.

ఏ సేవ వాడుతున్నా సరే, థీమ్ మార్చడానికి ముందు చేయవలసిన పనులు మూడు ఉన్నాయి. మొదటిది, వ్రాత యావత్తుకూ ఒక నకలు తీసి మీ యంత్రంలో దాచుకొనడం. బ్లాగర్‌లో సెట్టింగులలోను, వర్డ్‌ప్రెస్‌లో పనిముట్ల క్రింద ఎగుమతి అన్నచోటను ఈ వీలు ఉన్నది. రెండవది, పాత థీమ్‌కు కూడా నకలు తీసుకొనడం. క్రొత్తది నచ్చకుంటే పాతదానిని తిరిగి తొడగవచ్చు. మూడవది చాలామంది మరచేది. ప్రక్కపట్టీలలోను, శిఖరభాగంలోను, పాదభాగంలోను మీరు స్వయంగా వ్రాసినదంతా ఒక కాగితం మీదనో, ఒక ఫైలులోనో ఎత్తి వ్రాసుకొనడం. ఆ తరువాతనే ముందు చూపు అన్న మీట నొక్కి, క్రొత్త రూపం ఎలా ఉంటుందో చూచి, అప్పుడు మార్చవలెను. నడుమ ఏదైనా హెచ్చరిక వచ్చిందా, అర్థం కానంతవరకు సరే అనరాదు. వద్దు అన్నందువలన నష్టం రాదు.

అలంకారం మాట అట్లుండగా, ఇక పుటలను గూర్చి. మాటల పట్టీని ప్రక్కపట్టీలో కాక మరెక్కడ ఉంచవలసినది అన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ ఉన్నది.

బ్లాగులోని వ్రాతలు రెండు జాతులవి. ఒకటి టపా. దానికి తేదీ ఉంటుంది. క్రొత్తది పైకి వచ్చి, పాతది క్రిందికి జారుతుంది. రెండవది పుట, అనగా పేజీ. దానికి వరుస లేదు, తేదీతో పని లేదు. ఎప్పుడు వచ్చినా అక్కడే ఉంటుంది. ఈ పత్రికనే చూడండి. ఏ రోజున ఏ గంటకు ఏ కార్యక్రమం అన్నవి టపాల వంటివి. రోజు గడిస్తే వాటి స్థానం మారుతుంది. స్టేషను చిరునామా, ప్రసారపు సంఖ్య పుటల వంటివి. ఏ సంచిక తిప్పినా అవి ఒకే చోట ఉండవలెను.

1999 ఆగస్టులో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ బ్లాగర్‌ను ప్రారంభించినప్పుడు గాని, 2003 ఫిబ్రవరిలో గూగుల్ దానిని కొన్న తరువాత గాని, చాలాకాలం దానిలో టపాలే తప్ప పుటలు లేవు. 2010లో గాని పుటలు చేర్చే వీలు కలుగలేదు. 2003 మే 27న తొలిసారి వెలువడిన వర్డ్‌ప్రెస్‌లో 2005 ఫిబ్రవరి నాటి 1.5వ కూర్పులో పుటలూ థీములూ ఒక్కసారిగా వచ్చాయి. రెండూ జంటగా రావడం మాకు సబబుగా తోస్తుంది. మారేదానికి ఒక స్థానం, నిలిచేదానికి ఒక స్థానం.

టపాకు, పుటకు ఉన్న తేడా పైకి చిన్నదే. దాని ధర్మం మాత్రం పెద్దది. మన జిల్లానుబట్టే చెబుతాము. 1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లాలో నూట పదకొండేళ్ళు తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి ఉన్నవి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కేంద్రంగా క్రొత్త జిల్లా ఏర్పడి ఈ మూడూ దానిలో చేరినవి. ఒక బ్లాగరు 2012లో వ్రాసిన టపాలో "చిత్తూరు జిల్లాలోని శ్రీకాళహస్తి" అని ఉన్నదనుకొందాము. దానిని ఇప్పుడు దిద్దవలెనా? అక్కరలేదు. తలపైన 2012 అన్న తేదీ ఉన్నది. ఆనాటికి ఆ మాట సత్యమే. తేదీయే దానికి సాక్షి. అదే మాట "మా ఊరు" అన్న పుటలో ఉంటే మాత్రం తప్పే అవుతుంది. పుటకు తేదీ అండ లేదు. అది చదివిననాడు సత్యమై ఉండవలెను. కనుక టపా వ్రాసినవాడు వ్రాసి విశ్రమించవచ్చు. పుట పెట్టినవాడు దానిని సంవత్సరానికి ఒకసారి అయినా చదివి చూచుకొనవలెను. ఇల్లు కట్టినవానికి ఏటేటా సున్నం కొట్టే బాధ్యత ఉన్నట్లే ఇదీను.

ఏ పుటలు ఉండవలెను? బ్లాగు నడిపేవారు ఎవరు, ఎందుకు నడుపుతున్నారు అని తెలిపే పుట ఒకటి. వారిని ఎలా కలుసుకొనవచ్చునో తెలిపే పుట ఒకటి. టపాలు వంద దాటితే, వాటిని విషయాన్ని బట్టి విడదీసి చూపే సూచిక ఒకటి. వ్రాతలను ఇతరులు వాడుకొనవచ్చునా, కూడదా అన్న సంగతి ఒక పుటలో స్పష్టంగా చెబితే తరువాతి తగవులు ఉండవు. వీటికి మించి, నానాటికీ పెరుగుతూ పోయే సంగ్రహం ఏదైనా ఉంటే, అనగా పదకోశమో, సామెతల జాబితానో, ఊరి బావుల పట్టికనో ఉంటే, దాని చోటు పుటయే.

పుటను చేర్చే పద్ధతి కష్టమైనది కాదు. ఎడమవైపు జాబితాలో పేజీలు అన్నచోట నొక్కి, క్రొత్తది అన్నదానిని ఎన్నుకొని, శీర్షిక పెట్టి, విషయం వ్రాసి, ప్రచురించవలెను. అయితే ఇక్కడ రెండు చిక్కులు తెలుగువారిని తరచుగా వేధిస్తాయి.

మొదటిది చిరునామా చిక్కు. ప్రతి పుటకు ఒక ఇంటర్నెట్టు చిరునామా ఏర్పడుతుంది. వర్డ్‌ప్రెస్‌లో శీర్షిక తెలుగులో ఉంటే చిరునామా కూడా తెలుగులోనే వస్తుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని దానిని ఎత్తి మరొకరికి పంపబోతే, తెలుగులోని ప్రతి గుర్తుకూ తొమ్మిదేసి ఇంగ్లీషు గుర్తులుగా విచ్చుకొంటుంది. తిరుపతి అన్న మాటలో మూడు గుణింతపు గుర్తులతో కలిపి ఏడు గుర్తులు ఉన్నవి. అది అరవై మూడు గుర్తుల కొండచిలువ అవుతుంది. ఉత్తరంలో వ్రాయడానికి గాని, రేడియోలో చదివి చెప్పడానికి గాని ఎవరి తరమూ కాదు. బ్లాగర్‌లో మరొక విధమైన తంటా. తెలుగు శీర్షికను చిరునామాగా మార్చలేక అది బ్లాగ్-పేజ్ అన్న మొక్కుబడి పేరు పెట్టి, తరువాతి పుటలకు అదే పేరుకు అంకెలు తోకగా తగిలిస్తుంది. ఉపాయం ఏమనగా, మొదట శీర్షికను ఇంగ్లీషు అక్షరాలలో క్లుప్తంగా పెట్టి ప్రచురించవలెను. చిరునామా స్థిరపడిన పిమ్మట శీర్షికను తెలుగులోకి మార్చుకొనవలెను. చిరునామా పొట్టిగాను, శీర్షిక తెలుగుగాను నిలుస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో అయితే చిరునామా గడిని వేరుగానే దిద్దుకొనవచ్చు. ఒకసారి నలుగురికీ చెప్పిన చిరునామాను మాత్రం తిరిగి మార్చరాదు. ఇల్లు మారినవాడు పాత ఇంటికి వచ్చే ఉత్తరాలను పోగొట్టుకొన్నట్లే అవుతుంది.

రెండవది కనబడని చిక్కు. పుట ప్రచురించాము, కాని బ్లాగులో ఎక్కడా కనిపించడం లేదు అని వాపోయేవారు ఎందరో. పుట పోలేదు. దానికి దారి వేయలేదు, అంతే. బ్లాగర్‌లో లేఅవుట్ అన్నచోటికి వెళ్ళి, పేజీల గాడ్జెట్‌ను చేర్చి, ఏ పుటలు కనిపించవలెనో వాటికి గుర్తు పెట్టవలెను. వర్డ్‌ప్రెస్‌లో మెనూలోనికి ఆ పుటను చేర్చవలెను. మెనూ అనేది గుమ్మం మీది దారి పలక వంటిది. పలక అలంకారంలో భాగం. అది పోయినా గది ఉంటుంది. మరొక పలక కట్టుకొంటే సరిపోతుంది. అయితే ఆ పలక మీద పది పేర్లు ఎక్కించరాదు. అయిదారు పేర్లు చాలును. తక్కినవాటికి సూచిక పుట నుండి దారి చూపవచ్చు.

ఇక మా అయ్యవారి మాటల సంగతి చెప్పి విరమిస్తాము.

ఆ మధ్యాహ్నం వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వెదకసాగాము. వారి దగ్గర నకలు లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ 1996 నుండి లోకంలోని వెబ్బు పుటలకు నకళ్ళు తీసి భద్రపరుస్తున్నది. 2001 నుండి ఆ నకళ్ళను వేబ్యాక్ మెషీన్ అన్న పేరుతో ఎవరైనా చూడవచ్చు. అందులో వారి బ్లాగు మొదటి పుట 2019 నాటిది ఒకటి దొరికింది. పట్టీ ఉన్నది. అయ్యవారి ముఖం వికసించింది. ఒక్కొక్క మాటనూ వేలితో తడుముతూ క్రిందికి పోయారు. చివరకు వచ్చేసరికి మరల మౌనం వహించారు. ఆ తరువాతి రెండేళ్ళలో చేర్చిన మాటలు అందులో లేవు. అవి చాలావరకు వారి తల్లిగారు మంచం మీద ఉండగా చెప్పినవి. ఆమె ఆ ఏటి వేసవిలో కాలం చేశారు.

దొరికిన మాటలను ఆ సాయంకాలమే ఒక పుటగా కూర్చి, ఇంగ్లీషు అక్షరాలలో పొట్టి చిరునామా పెట్టి, ప్రచురించి, మెనూలోనికి ఎక్కించాము. మేమే టైపు చేశాము, వారు అర్థాలు సరిచూశారు. నకలు తీయడం ఎలాగో వారి చేతనే రెండుసార్లు చేయించాము. బస్సుకు వేళ అయినప్పుడు వారు, "ఇంకొన్ని వ్రాయి నాయనా" అని, జ్ఞాపకం చేసుకొంటూ ఒక ఏడెనిమిది మాటలు చెప్పారు. వాటికి అర్థం ఏమిటని అడిగాము. "మాట చెవిలో ఉండాది, అర్థం అమ్మకే తెలుసు" అన్నారు.

ఆ మాటలు ఇప్పటికీ ఆ పుట అడుగున ఉన్నవి. వాటి ఎదుట అర్థం వ్రాయవలసిన చోటు ఖాళీగా విడిచి, తెలిసినవారు తెలుపగోరుతాము అని వ్రాశారు. పలమనేరు వైపు నుండి ఒకరు, పాకాల వైపు నుండి మరొకరు తెలుపగా రెండింటికి అర్థాలు దొరికాయని మొన్న ఫోనులో చెప్పారు. 2022లో జిల్లాలు మారినప్పుడు "మా ఊరు" పుటను దిద్దుకొన్నారట. పాత టపాలను మాత్రం ముట్టలేదట. ఆ తరువాత థీమ్‌ను మరొకసారి మార్చినట్లు కూడా చెప్పారు. ముందుగా నకలు తీశారా అని మేము అడుగబోయేలోగానే, "తీసినా, రెండు తీసినా" అని నవ్వారు.

మీ ఇంటిలోను బ్లాగు నడిపేవారు ఉంటే, ఈ పత్రిక ప్రక్కన పెట్టిన వెంటనే ఒకసారి ప్రక్కపట్టీలో ఏమున్నదో చూడమనండి. పోయినా ఫరవాలేనిది అయితే అక్కడే ఉండనివ్వండి. పోతే తిరిగి రానిది అయితే, ఈ రాత్రికే ఒక పుటలోనికి ఎత్తి వ్రాయండి.